చెంగమ్మ పేరు మీది నెత్తురు

కిందటి వారం మనం చెంగమ్మను తిరుపతి ఆసుపత్రి బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ముఖానికి పచ్చ తువ్వాలు చుట్టుకుని, కళ్ళు రెండే బయట పెట్టుకుని, పాపం ఆమె మూడు రోజులుగా అక్కడే ఉందనుకునేరు. ఆమె అంత ఓపికమంతురాలు కాదు. శని, ఆదివారాలు పుత్తూరు వెళ్ళి ఇడ్లీపిండి రుబ్బి, సోమవారం పొద్దున మొదటి బస్సుకు మళ్ళీ వచ్చింది. ఈమధ్య రుబ్బడం వరకే ఆమె పని. బస్టాండులోని ఇడ్లీబండి దగ్గర నిలబడేది కోడలు నవీన.

కథలోకి ఇప్పుడే వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. చెంగమ్మకు యాభై ఆరేళ్ళు. సౌదీలో ఒక ఇంట ఆరేళ్ళు వంట చేసి, ఎనిమిది నెలల కిందట చెంప మీద ఈగకాటుతో ఇల్లు చేరింది. ఇసుక ఈగ అనే ఆ చిన్న ఈగ కుట్టి ఊరుకోలేదు, ఒక పరాన్నజీవిని చర్మం కింద వదిలిపోయింది. కాటు పుండయింది, పుండు రూపాయి బిళ్ళంత అయింది, ఇప్పుడు కంటికి వేలెడు దూరంలోకి వచ్చింది. మామూలుగా వేసే సూదులు వేస్తే ఆమెకు గుండె లయ తప్పింది, డాక్టర్లు భయపడి ఆపేశారు.

అది ముట్టుకుంటే అంటే జబ్బు కాదు. ఆ మాట ఎందరు చెప్పినా పుత్తూరు బస్టాండు నమ్మలేదు. ఎముకలు విరిగినవాళ్ళు కట్టు కోసం పుత్తూరు వస్తారని అందరికీ తెలుసు. కుడిచేయి కట్టులో ఉన్నవాళ్ళు ఎలా తింటారో మాత్రం చెంగమ్మకే తెలుసు. సౌదీకి పోకముందూ, వచ్చాకా, అలాంటి వాళ్ళకు ఇడ్లీ తుంచి, సాంబారులో ముంచి, తన చేత్తోనే నోట్లో పెట్టేది. ఆ చేతి ముద్ద వల్లే బండికి పేరొచ్చింది. నెలన్నర కిందట చేతికి కట్టుతో ఒక పెద్దావిడ వచ్చింది. ముద్ద నోటిదాకా వచ్చాక చెంప మీది పుండు చూసి, ఎడమచేత్తో విసిరికొట్టి, "అంటురోగం పెట్టుకుని అన్నం పెడతావా?" అని బస్టాండంతా వినబడేలా అరిచింది.  చెంగమ్మ గంటెడు సాంబారు తీసి ఆవిడ హ్యాండుబ్యాగులో పోసింది. కసి తీరింది గానీ, ఆ రోజు నుంచి ముఖం మీదికి తువ్వాలు వచ్చింది. ఆ తర్వాత ఆమె చేతి ముద్దకు ఎవరూ నోరు తెరవలేదు.

ఆమెకు మిగిలిన దారి ఒక్కటే, ఈ ఆసుపత్రిలో కొత్తగా పరీక్షిస్తున్న వైద్యం. ఆరుగురికే అవకాశం. ఆఖరి చోటు చెంగమ్మది. ఇక ఈ సోమవారం సంగతి వినండి.

* * *

పదింటికి, ఈ వైద్యం మీద పనిచేసే పరిశోధకురాలు ధరణి లాబులోకి వచ్చి, చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, గోడవారగా ఉన్న, కణాలు పెంచే వెచ్చటి పెట్టె తలుపు తీసింది. సొంతూరు పూతలపట్టులో వాళ్ళమ్మ పొద్దున్నే పాలు తోడుకున్నాయో లేదో గిన్నె మూత తీసి చూసే ఆత్రమే ఆమెకూ ఉంది. ప్లేటు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కణాలు అడుగున అంటుకుని, కాళ్ళు చాపుకుని హాయిగా ఉన్నాయి. "శెభాష్!" అంది పైకే.

చికిత్స చెప్పుకుంటే చిన్నదే. మన ఒంట్లోని తెల్లకణాలలో కొన్ని తిండిపోతులు. లోపలికి వచ్చిన క్రిమిని మింగేయడమే వాటి ఉద్యోగం. ఈ పరాన్నజీవి జిత్తులమారిది. ఆ తిండిపోతు కడుపులోకే దూరి, చావకుండా అక్కడే పిల్లల్ని పెడుతుంది. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు, "అంటే దొంగోడు పోలీసోళ్ళింట్లోనే అద్దెకు దిగినాడా!" అని చెంగమ్మ ముక్కున వేలేసుకుంది. అందుకని రోగి రక్తం తీసి, ఆ కణాలను వేరుచేసి, వారం పాటు పెంచుతారు. చచ్చిన పరాన్నజీవి ముక్కలు చూపించి, ఇదిగో నీ శత్రువు, ఇలా చంపు అని నేర్పిస్తారు. నేర్చుకున్న కణాలను తిరిగి అదే మనిషికి పుండు చుట్టూ సూదితో ఎక్కిస్తారు. ఎవరి కణాలు వాళ్ళకే. అదే ఈ వైద్యానికి ప్రాణం.

శుక్రవారం తీసిన రక్తం ఇది. వచ్చే శుక్రవారం సూది. ధరణి ప్లేటు లోపల పెట్టి, మిగతా రక్తపరీక్షల రిపోర్టు కోసం కంప్యూటరు ముందు కూర్చుంది. షుగరు బాగుంది. లివరు బాగుంది. మూడో పేజీ చివరి వరుస చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది.

గర్భ పరీక్ష: పాజిటివ్.

ఆడమనిషి ఎవరొచ్చినా, ఎనభై ఏళ్ళ అవ్వ అయినా సరే, ఆ పరీక్ష చేయాలని ఈ పరిశోధన నియమం. ఆ నియమాన్ని చూసి పోయిన నెల పగలబడి నవ్వింది ధరణే. ఇప్పుడు నవ్వు రాలేదు. చెంగమ్మకు భర్త పోయి చాలా కాలమైందని ఆమెకు తెలుసు. కడుపు కాకుండా ఆ పరీక్ష అలా వచ్చేదానికి వేరే కారణాలు ఉన్నాయి. అవేవీ మంచివి కావు. 

* * *

రోగులను చూసే గదిలో చెంగమ్మ బల్ల మీద, నవీన గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల ఎడం. ఇంట్లో కూడా అంతే. అంటదని డాక్టర్లు చెప్పినా చెంగమ్మ తన కంచం వేరు చేసుకుంది, చాప వేరు చేసుకుంది, కోడలి మీద చేయి వేయడం మానేసింది. మాటలు మాత్రం మానలేదు. ఆ నాలుగడుగుల మీదుగా రోజంతా తిట్లు, సణుగుళ్ళు, కూరల లెక్కలు అటూ ఇటూ పోతూనే ఉంటాయి.

ధరణి తలుపు దగ్గరగా వేసింది. శుక్రవారం రక్తం తీసిన నర్సు జెస్సీ కూడా లోపలే ఉంది.

"పెద్దమ్మా, ఒక మాట అడగాల. తప్పుగా అనుకోవద్దు."

"అడుగు పాపా. నాకాడ దాపరికం ఏముండాది, ఈ మొగం తప్ప."

"నీకు బహిష్టు నిలిచిపోయి ఎన్నేండ్లయింది?"

"ఏడేండ్లు. సౌదీకి పోయిన ఏడాదే నిలిచిపోయింది. పీడాపోయిందనుకుంటి. ఎందుకు?"

"పెద్దాయన పోయి?"

"పదకొండేండ్లు. ఏందమ్మా ఇది, పింఛను ఇప్పిస్తావా?"

ధరణి రిపోర్టు తెరిచింది. ఎన్ని విధాల చెప్పాలనుకున్నా ఆ ముక్క ఒకే విధంగా బయటికి వచ్చింది. "నీ రక్తంలో కడుపుతో ఉండేట్టు వచ్చింది పెద్దమ్మా."

 పచ్చ తువ్వాలు కదిలింది. ముందు బొడ్డు దగ్గర మొదలైన నవ్వు భుజాల దాకా వచ్చి, బల్ల కిర్రుమంది.

"అయ్యో నా గంగమ్మ తల్లీ! ముక్కోటి దేవుండ్లు కలిసొచ్చినా ఈ వయసులో నాకు కడుపు తెప్పించలేరు గదే పాపా! ఈ మాట పుత్తూరులో తెలిస్తే ఇడ్లీకి కాదు, నన్ను సూసేదానికి లైను కడతారు!"

జెస్సీ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ధరణికి మాత్రం కన్నీళ్ళు వచ్చేలా ఉన్నాయి. "నవ్వొద్దు పెద్దమ్మా. కడుపు కాకపోతే, లోపల యాడన్నా గడ్డ ఉన్నా గూడా ఇట్లే వస్తుంది. ఈరోజే స్కానింగు తీయించాల. దాని సంగతి తేలేదాకా మన వైద్యం ఆపాల."

చెంగమ్మ నవ్వు ఆగింది. "గడ్డా?"

ఆ మాటకు గోడ పక్కన స్టూలు పడిపోయింది. నవీన లేచి నిలబడింది. 

"అత్తకు ఏ గడ్డా లేదు మేడమ్. ఆపొద్దండి. ఆ నెత్తురు అత్తది కాదు, నాది."

ధరణికి ఆ మాట వెంటనే ఎక్కలేదు. "నీదా?"

"శుక్రవారం అత్త ఒక్కపొద్దు. ఆ ముందు వారం రెండు గొట్టాలు తీస్తేనే కండ్లు తిరిగి పడిపోయింది. ఈసారి అర గ్లాసు పైగా తీస్తారంటే నాకు భయమేసింది. మీరు పేరు పిలిచినప్పుడు అత్త బయట కుళాయికాడ ఉండె. నా సంచిలో ఇంకో తువ్వాలు ఉండాది, అదీ పచ్చదే. మొగానికి సుట్టుకోని నేను కూసున్నా."

"ఎందుకు నవీనా? ఎందుకట్ల చేసినావు?"

నవీన బిత్తరపోయి చూసింది. అందులో అడగడానికి ఏముందో ఆమెకు నిజంగానే తెలియలేదు. "మా నాయనకు ఆపరేషన్ అయితే మా అన్న నెత్తురిచ్చినాడు. మా పిన్నమ్మ కాన్పుకు మా బావ ఇచ్చినాడు. ఆస్పత్రిలో నెత్తురు కావాలంటే ఇంట్లోవాళ్ళే గదా మేడమ్ ఇచ్చేది? జబ్బుమనిషికాడ యాడన్నా తీస్తారా? నా పేరు సెప్తే వద్దంటారేమో అని అత్త పేరుకు పలికినా."

"నాకు సెప్పిందిలే పాపా," అంది చెంగమ్మ, కొంచెం తగ్గి. "నువ్వు కూసో అత్తా, నేను ఇచ్చేసినా అనింది. మంచిదేలే అనుకుంటి. నువ్వు సెప్పింది ముందు వారం తీసిన నా నెత్తురు సంగతేమో అనుకుంటి."

ధరణి జెస్సీ వైపు చూసింది. జెస్సీ ముఖం ఎర్రబడింది. "తువ్వాలు తీయమంటే పెద్దామె బాధపడుతుందని నేను అడగలేదక్కా. చెయ్యి లేతగానే ఉండె. సౌదీలో ఏసీ ఇండ్లలో పనిచేసింది గదా, అందుకని ఉంటుందిలే అనుకున్నా."

ఇప్పుడు చెప్పండి, ఎవరిని తిట్టాలి? అడుసు తొక్కినవాళ్ళు ముగ్గురు, కాలు కడుక్కోవాల్సింది నలుగురు. ధరణికి వెచ్చటి పెట్టెలో కాళ్ళు చాపుకుని పడుకున్న కణాలు గుర్తొచ్చాయి. శెభాష్ అంది వాటినే. అవి ఎంత చక్కగా పెరిగినా చెంగమ్మకు పరాయివే. వాటిని ఎక్కిస్తే ఆమె ఒళ్ళు వాటి మీదే తిరగబడి, పుండు చుట్టూ కంటిదాకా వాచిపోయేది. ఆ సంగతి ఆమె వీలైనంత మెల్లగా చెప్పింది.

అంతే, చెంగమ్మ అందుకుంది.

"నీకు బుద్ధుండాదా మే? నన్నడిగి సావచ్చు గదా! నీ ఒంట్లో ఏముండాదని అర గ్లాసు ఇచ్చేస్తివి? అసలే పుల్ల మాదిరి ఉండావు. పొద్దున లేస్తే కండ్లు తిరుగుతాండాయంటావు. మొన్న సాంబారు తిరగమాత వాసనకే బండెనక్కి పోయి వాంతి చేసుకుంటివి. నిన్న పుల్లమామిడికాయ ఒకటి ఒక్కదానివే కూసోని ఉప్పుకారం పెట్టుకోని..."

తిట్టు అక్కడ తెగిపోయింది.

నవీన ఇంకా తల వంచుకునే ఉంది. "తప్పయింది అత్తా, ఇంకెప్పుడూ..." అంటూనే ఉంది. తనకు సంబంధించిన సంగతి ఒకటి ఆ రిపోర్టులో ఉందని ఆమెకు తట్టనే లేదు. పెళ్ళై ఆరేళ్ళు. రెండుసార్లు ఆలస్యమై ఆశపడి, రెండుసార్లూ ఏడ్చి, ఆ తర్వాత ఆమె రోజులు లెక్కపెట్టుకోవడమే మానేసింది. ఈ నెలన్నరగా బండి పని మీద పడ్డాక, అలసటే అనుకుంది.

చెంగమ్మ బల్ల దిగింది. "పాపా," అంది ధరణితో, ఆ గొంతు ఇంతకుముందు ఆ గదిలో ఎవరూ వినలేదు. "ఆ కాగితంలో ఏమొచ్చిందంటివి? మళ్ళీ సెప్పు."

"కడుపుతో ఉండేట్టు," అంది ధరణి. అన్నాక తనకూ తెలిసింది. గడ్డ భయం, నియమాల భయం, అన్నీ ఒక్కసారిగా పక్కకు జరిగాయి.

"నెత్తురు ఎవురిదంటివి?"

నవీన తలెత్తింది.

* * *

ఆసుపత్రిలో పుకారు మీద పండగ చేసుకోరు. జెస్సీ చిన్న డబ్బా చేతికిచ్చి నవీనను బాత్రూముకు పంపింది. అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాల్లోనే చెంగమ్మ బారసాల ఏ మండపంలోనో, మగపిల్లాడైతే ఏ పేరో, ఆడపిల్లైతే ఏ పేరో తేల్చేసింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు గానీ, ఇక్కడ ఆలు ఉంది, చూలు సంగతి జెస్సీ చేతిలోని అట్టముక్క మీద తేలాలి. ఒక ఎర్రగీత వచ్చింది. నలుగురూ ఆ అట్ట మీదికి వంగారు. దాని పక్కన, సిగ్గుపడుతున్నట్టు, రెండో గీత మెల్లగా వచ్చింది.

"దేవునికి స్తోత్రం," అంది జెస్సీ.

 నవీన రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, "నిజంగానా మేడమ్?" అని మూడుసార్లు అడిగింది. ధరణి మూడుసార్లూ తలూపింది. తీసిన రక్తం కొంచెమే, దానివల్ల బిడ్డకేమీ కాదని కూడా చెప్పింది.

అప్పుడు చెంగమ్మ చేసిన పని ధరణికి చాలాకాలం గుర్తుంటుంది. నాలుగడుగుల ఎడం దాటి వచ్చింది. కోడలి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ముద్దు పెట్టుకోబోతే తువ్వాలు అడ్డం వచ్చింది. దాన్ని పట్టి లాగేసి, ఎక్కడ పడిందో కూడా చూడకుండా, కోడలి నుదుటి మీదా, రెండు చెంపల మీదా, తల మీదా ముద్దులు కురిపించింది. నెలన్నరగా, పుండు కొలిచేటప్పుడు తప్ప, ఎవరూ చూడని ముఖం అది. చెంప మీద పుండు ఉంది, అంచులు ఎర్రగా ఉన్నాయి. దాన్ని ఆ గదిలో ఎవరూ చూడలేదు. చూసింది నోరంతా తెరిచి నవ్వుతున్న ఒక కాబోయే అవ్వను.

"ఆరు నెలలైంది అత్తా నువ్వు నన్ను ముట్టుకోని," అని నవీన అప్పుడు ఏడ్చింది. చెంగమ్మ కూడా ఏడ్చింది. అది దుఃఖం కాదు కాబట్టి ఎవరూ ఓదార్చలేదు.

ముక్కు తుడుచుకుంటూ జెస్సీ ఒక మాట అంది. "అక్కా, ఆ బిడ్డ కడుపులో లేకపోయుంటే ఏమయ్యేది?"

ధరణి ఆలోచించింది. రిపోర్టులో ఇంకేమీ తప్పు లేదు. నెత్తురు మారిందని ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు. శుక్రవారం నాడు తన చేత్తోనే ఆ కణాలను సూదిలోకి ఎక్కించి ఉండేది. "పెద్దమ్మా, నిన్ను కాపాడింది నీ మనవడో మనవరాలో," అంది. "ఇంకా వేలెడంత గూడా లేదు. అవ్వకు చెడు జరగబోతాందని కబురు చెప్పింది."

"మా ఇంటి బిడ్డ గదా," అంది చెంగమ్మ, అందులో వింతేమీ లేనట్టు.

నవీన పుత్తూరు పక్కనున్న నగరికి ఫోన్ చేసింది. మొగుడు మునిప్రసాద్ అక్కడ మరమగ్గాల మీద పనిచేస్తాడు. స్పీకరు పెడితే గదంతా టకటకా టకటకా మగ్గాల మోత నిండింది. నవీన చెప్పింది. మోతలో వినబడలేదేమో అని ఇంకోసారి చెప్పబోయింది. అవతల ఒక మగ్గం ఆగింది. తర్వాత అతని గొంతు ఎవరితోనో ఏదో అన్నది. ఇంకో మగ్గం ఆగింది, దాని పక్కది ఆగింది, చివరికి ఆ షెడ్డంతా నిశ్శబ్దమై, అందులోంచి పదిమంది ఒక్కసారి ఈల వేశారు. "నేను వస్తాండా!" అని అరిచాడు మునిప్రసాద్. ఎలా వస్తాడో, ఏ బండికి వస్తాడో చెప్పకుండానే పెట్టేశాడు.

జెస్సీ క్యాంటీనుకు పరుగెత్తి మైసూర్‌పాకు పొట్లం తెచ్చింది.

* * *

డాక్టర్ హరినాథ్ వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఈ పరిశోధనకు పెద్ద ఆయనే. మంచి మనిషి, కానీ కాగితం పక్కకు జరిగితే ఆయనకు నిద్రపట్టదు. జరిగిందంతా నిలబడే విని, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మా నవీనా, నీకు శుభం. ధరణీ, నువ్వు ఇట్లా రా." కిటికీ దగ్గరికి పిలిచినా గది చిన్నది, అందరికీ వినబడింది. "చేర్చుకునే గడువు రేపటితో అయిపోతుంది. రేపటిలోగా ఈమె సొంత రక్తం తీయకపోతే ఆ చోటు మూసేస్తారు. మనిషి మారి రక్తమిచ్చిన కేసును కొనసాగించాలంటే, పేషెంట్లకు అన్యాయం జరక్కుండా చూసే కమిటీ ఒప్పుకోవాల. వాళ్ళు ఒప్పుకునేదానికి ఒకటే దారి. కోడలు మోసం చేసి ఇచ్చింది, నాకు దాంట్లో పాలు లేదు అని పెద్దామె రాసి సంతకం పెట్టాల."

"నేను పెడతా సార్, నేనే మోసం చేసినానని," అంది నవీన ముందుకొచ్చి.

"నువ్వు నోర్మూసుకో మే," అంది చెంగమ్మ. కోడలి చేయి వదలకుండానే డాక్టరు వైపు తిరిగింది. "సారూ, నేను బడికి పోలేదు గానీ సంతకం అంటే ఏందో తెలుసు. నా ఒళ్ళు సల్లగుండాలని తన నెత్తురు తీసిచ్చింది ఇది. దాన్ని మోసగత్తె అని నా చేత్తో రాయాల్నా? ఆ కాగితం బిడ్డ పెరిగినాక సదివితే? కన్ను పోతే పోనీ సారూ. ఇంకోటి ఉండాది."

ఆ మాట చాలా తేలిగ్గా అనేసింది.  పుండుకూ కంటికీ మధ్య ఉన్న ఆ వేలెడు దూరం వారం వారం కొలిచి రాస్తున్నది ధరణే.

ఫైలు తెరిచి చెంగమ్మ వేలిముద్ర ఉన్న సమ్మతి పత్రం తీసింది. తను రాసిందే అది, మూడు రోజులు కూర్చుని. "సార్, ఇది వినండి. 'స్వీయ రోగనిరోధక కణముల సంగ్రహణ, సంవర్ధన మరియు పునఃప్రవేశన ప్రక్రియకు నా పూర్ణ సమ్మతి.' దీన్ని గడగడా చదివి, అర్థమైందా పెద్దమ్మా అని అడిగినా. అర్థమైంది అనింది. నీ నెత్తురే కావాల, ఇంకెవరిదీ పనికిరాదు అని ఒక్క ముక్క తెలుగులో చెప్పింటే ఇది జరిగేదా? మా ఊర్లో మా అమ్మయినా ఇదే పని చేసేది సార్. రాయాలంటే తప్పు నా పేరు మీద రాయండి."

హరినాథ్ ఆ కాగితాన్ని తీసుకుని తనలో తను చదువుకున్నాడు. రెండో వరుసలో ఆగిపోయాడు. దాని కింద అనుమతి సంతకం ఆయనదే.

"నీ ఉద్యోగానికి ఇబ్బంది కావచ్చు."

"తెలుసు సార్."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "కమిటీలో డాక్టర్లు, లాయరే కాదు, మామూలు జనం తరఫున కూడా ఒకరు ఉంటారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్సు. పేషెంట్లకు ఇచ్చే కాగితాలు చదివేది ఆమే. ఆమె సరేనంటే మిగిలినవాళ్ళు అడ్డం చెప్పరు. మూడింటికి మనల్ని చూసేదానికి ఎట్లాగూ వస్తాండాది. ఈ మాట ఇట్లే ఆమె ముందర చెప్పు. ఆమె ఊ అంటే ఈ సాయంత్రమే రక్తం తీస్తాం."

"ఎట్లాంటి మనిషి సార్?" అంది ధరణి.

"నిక్కచ్చి మనిషి. మంచిదే. కానీ ఒకసారి మనసు విరిగితే అతకదు."

చెంగమ్మకు ఆ భయాలేమీ పట్టలేదు. ఒడిలో పొట్లం విప్పింది. "శుభవార్త విని నోరు తీపి చేసుకోకుండా కూసుంటే ఎట్ల?" అని మైసూర్‌పాకు తుంచి, ముందు కోడలి నోట్లో పెట్టింది. తర్వాత ముక్క ధరణి ముందుకు వచ్చింది. అంతవరకు వచ్చిన చేయి గాలిలో ఒక్క క్షణం ఆగింది. నెలన్నరగా ఆ చేయి ఎన్ని నోళ్ళ ముందు ఆగిపోయిందో ధరణికి తెలుసు. ఆమె నోరు తెరిచి ముక్కతోపాటు వేళ్ళకంటిన పొడి కూడా తినేసింది. చెంగమ్మ కళ్ళు మెరిశాయి. జెస్సీ తింది. షుగరుందని నసుగుతూనే హరినాథ్ తిన్నాడు. ఆ గదిలో అందరి నోళ్ళూ తీపి అయ్యాయి.

గోడగడియారం మూడు చూపించింది. తలుపు మీద రెండుసార్లు తట్టిన చప్పుడు.

"రండమ్మా, నాగరత్నమ్మగారూ," అని హరినాథ్ ఎదురెళ్ళాడు.

వచ్చినావిడకు డెబ్బై ఏళ్ళుంటాయి. గంజి పెట్టిన చీర, నెరసిన ముడి. కుడిచేయి మణికట్టు దగ్గర పుత్తూరు కట్టు, ఆకుపసరు వాసన ఇంకా వస్తోంది. ఎడమ భుజానికి గోధుమరంగు హ్యాండుబ్యాగు. ఎంత కడిగినా పోని పసుపు మరక ఒకటి దాని అడుగున మిగిలే ఉంది.

నాగరత్నమ్మ చూపు చెంగమ్మ చెంప మీద పడి ఆగిపోయింది. చెంగమ్మ చూపు ఆ మరక మీద ఆగిపోయింది.

ధరణికి పోల్చుకోవడానికి రెండు క్షణాలు పట్టింది. సాంబారు కథ ఆమె చెంగమ్మ నోటే పదిసార్లు విని నవ్వుకుంది. ఆ హ్యాండుబ్యాగు ఇదే.

చెంగమ్మ చేయి అలవాటుగా భుజం మీదికి పోయింది. అక్కడ తువ్వాలు లేదు. బల్ల కింద పడి ఉంది. ధరణి గభాలున వంగి దాన్ని అందుకోబోయింది.

"ఉండనీ పాపా," అంది చెంగమ్మ.

పొట్లంలో మిగిలిన ఆఖరి ముక్కను తుంచింది. ముఖం దాచుకోకుండా, తల వంచకుండా నాలుగడుగులు వేసి నాగరత్నమ్మ ఎదురుగా నిలబడింది.

"ఆ పొద్దు నువ్వు ఆకలితో పోయినావమ్మా. అది నాకు మనసులోనే ఉండాది," అంది. "మా ఇంట్లో బిడ్డ పుట్టబోతాంది. నీ కుడిచెయ్యి ఇంకా కట్టులోనే ఉండాది గదా. నోరు తెరువు."

ముక్క నాగరత్నమ్మ పెదవుల ముందు ఆగింది. 

నాగరత్నమ్మ ఎడమచేయి, ఆ పొద్దు ముద్దను విసిరికొట్టిన ఆ చేయే, హ్యాండుబ్యాగు మీద నుంచి పైకి లేచింది. ఎందుకు లేచిందో వచ్చే వారం చెప్పుకుందాం.